ఎలుకల పక్కన జింక

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం డిగ్రీ పిల్లలకు షేక్‌స్పియర్ నాటకం ‘కింగ్ లియర్’ మొదలుపెడుతున్నావనీ, పాత మాటల దగ్గరే టెన్షన్ పడుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. నీ వయసులో నేను పడ్డ గొయ్యి ఒకటి చూపిస్తాను.

మూడో అంకంలో పిచ్చివాడి వేషంలో ఉన్న ఎడ్గార్, ఏడేళ్లుగా తన తిండి ఏమిటో చెబుతాడు: చుంచులు, ఎలుకలు, అలాంటి చిన్న ‘డీర్’. నేను తడుముకోకుండా ‘చిన్న జింకలు’ అని బోర్డు మీద రాసేశాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “ఎలుకల పక్కన జింకలేంటి సార్?” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. కూర్చోమని కసిరాను. వాడు అడిగిందే అసలు ప్రశ్న అని సాయంత్రం లైబ్రరీలో తెలిసింది. నువ్వు మాత్రం అలాంటివాణ్ణి కసరకు.

ఈ ‘డీర్’ పాత ఇంగ్లీషులో ‘దేఓర్’. అంటే జంతువు, ఏదైనా సరే. జర్మన్‌లో దాని చుట్టం ‘టీర్’కి ఇప్పటికీ అదే అర్థం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి ‘బీస్ట్’ వచ్చింది, ఇంకా తర్వాత లాటిన్ ‘ఏనిమల్’. పెద్ద అర్థాన్ని అవి తీసుకుపోతే, వేటగాళ్లు వెంటపడే జింక ఒక్కటే పాత మాటకు మిగిలింది. ఎడ్గార్ చెప్పే పద్యపాదాలు షేక్‌స్పియర్ నాటికే పాతవి, బీవిస్ అనే వీరుడి కథాకావ్యం నుంచి వచ్చినవి. అందుకే పాత అర్థం అందులో చెక్కుచెదరలేదు. మనుషులుండని అడవిని చెప్పే ‘విల్డర్‌నెస్’ మధ్యలో కూడా ఆ దేఓరే దాక్కుంది.

కాబట్టి ముందు మాట పక్కన ఏముందో చూడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తెరువు. 1928లో పూర్తయిన ఆ నిఘంటువులో ప్రతి అర్థానికీ సంవత్సరాలతో ఉదాహరణలుంటాయి. అన్నిటికంటే పాతది ముందు చదువు. చెవిని మాత్రం నమ్మకు. ఉత్తరాల్లో రాసే ‘డియర్’కీ దీనికీ చుట్టరికం లేదు.

క్లాసులో ‘మృగం’తో మొదలుపెట్టు. మనకు మృగం అంటే అడవి జంతువు, మృగరాజు సింహం. మరి మృగనయని? అక్కడ లేడి. సంస్కృతంలో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి. మృగశిర కార్తెకు మనం చేపలు తింటాం కానీ, ఆ తల జింకదే. ఈ ముక్క చెబితే వెనక బెంచీ కూడా వింటుంది.

నా పాత నోట్సు అటక మీద ఉంది. పండక్కి వచ్చినప్పుడు నువ్వే దింపుకో, నా మోకాళ్లు ఇక నిచ్చెన ఎక్కవు.

ఇట్లు,
పెదనాన్న