కాపీ మొదట్లో పరుగు, తర్వాత పాకుడు: ఇంటి స్టోరేజ్ సర్వర్‌కి ఎస్ఎస్‌డీ క్యాష్ పెడితే బాగవుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. పాత డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, నాలుగు హార్డ్ డిస్కులతో జెడ్‌ఎఫ్‌ఎస్ రెయిడ్‌జెడ్1 పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఒకటిగా కలిపి నడిపే డిస్కుల గుంపు, ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక). విండోస్ నుంచి పెద్ద ఫైలు కాపీ పెడితే సెకనుకు 110 ఎంబీతో మొదలై కాసేపటికి 15కి, ఒక్కోసారి 3కి పడిపోతోంది. ఫోటోల ఫోల్డర్ తెరుచుకోవడానికి నిమిషం పైనే పడుతోంది. ర్యామ్ ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటోంది. అందుకని క్యాష్ (డేటాను దగ్గర పెట్టుకునే వేగమైన చోటు) కోసం ఎస్ఎస్‌డీ కొనాలా అన్నారు.

ఇప్పుడే కొనకండి. మీ లక్షణాలు చూస్తుంటే తప్పు ఏదో ఒక డిస్కులో ఉందనిపిస్తోంది. అది తేలకుండా ఏం తగిలించినా డబ్బులు దండగ.

ముందు ర్యామ్ సంగతి, ఎందుకంటే దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని జెడ్‌ఎఫ్‌ఎస్ చదివిన డేటాను దాచుకోవడానికి వాడుకుంటుంది. వేరే ప్రోగ్రాములకు అవసరమైతే వెనక్కి ఇచ్చేస్తుంది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడే చోటు) వాడకం పెరుగుతుంటే తప్ప పట్టించుకోకండి.

ఇక అసలు విషయం. వేగం ఎలా పడిపోతోందో చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది. మొదటి నుంచి చివరి దాకా 11, 12 ఎంబీ దగ్గరే నిలకడగా ఉంటే అది నెట్‌వర్క్ కేబులే. గిగాబిట్‌కి కేబుల్లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. ఒక్క జత తెగినా లింక్ 100 మెగాబిట్లకు దిగిపోవచ్చు, బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మీది అలా కాదు, 110తో మొదలవుతోంది. అయినా ఐపెర్ఫ్3 ఒకసారి నడపండి. అది డిస్కుల జోలికి వెళ్లకుండా నెట్‌వర్క్‌ని మాత్రమే కొలుస్తుంది. 940 మెగాబిట్ల చుట్టుపక్కల వస్తే ఆ వైపు ఇక చూడక్కర్లేదు.

మొదట వేగంగా వెళ్లడానికి కారణం, రాసిన డేటా ముందు ర్యామ్‌లోకి చేరడం. డిస్కుకు ఇంకా చేరని డేటాను మామూలు సెట్టింగ్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ మొత్తం ర్యామ్‌లో పదో వంతు దాకా, గరిష్ఠంగా 4 జీబీ దాకా పట్టి ఉంచుతుంది. మీ 16 జీబీలో అది ఒకటిన్నర జీబీ చిల్లర. అది నిండే దాకా మీకు కనిపించేది ర్యామ్ వేగం, ఆ తర్వాతే డిస్కుల అసలు రంగు బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాలుగు డిస్కుల పూల్ పెద్ద ఫైలు రాసేటప్పుడు గిగాబిట్ నెట్‌వర్క్‌ని సులువుగా అందుకోవాలి. 15కి, 3కి పడిపోవడం మామూలు సంగతి కాదు.

కాబట్టి కాపీ నడుస్తుండగా సర్వర్‌లో ఇంకో టెర్మినల్ తెరిచి, డిస్కుల పనితీరు చూపే ఐఓస్టాట్‌ని వివరంగా చూపించే ఎక్స్ ఆప్షన్‌తో, కొన్ని సెకన్లకోసారి కొత్త లెక్క వచ్చేలా నడపండి. అందులో రైట్ అవెయిట్ (w_await) అన్న కాలమ్ చూడండి. రాయమని అడిగాక పని పూర్తవడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది చెబుతుంది. నాలుగు డిస్కులవీ దగ్గర దగ్గరగా ఉండాలి. మూడింటికి పది ఇరవై ఉండి, ఒకదానికి వందల్లోనో వేలల్లోనో ఉందా, దొంగ దొరికినట్టే. రెయిడ్‌జెడ్‌లో ప్రతి రాత అన్ని డిస్కుల మీదా పరుచుకుంటుంది కనుక, ఉన్నవాటిలో అతి నెమ్మదైన డిస్కు వేగమే పూల్ మొత్తానికీ వేగం అవుతుంది. పూల్ పరిస్థితి చెప్పే జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్ మాత్రం అంతా ఆన్‌లైన్ అనే చెబుతూ ఉంటుంది. దాన్ని చూసి చాలామంది మోసపోతారు.

ఆ డిస్కు ఎందుకు మందగించిందో తేల్చడానికి డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ వివరాల్ని చూపించే స్మార్ట్‌సీటీఎల్ వాడాలి. నా సర్వర్‌లో ఒకసారి 199వ వరుస, అంటే సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా పాడై వచ్చిన సార్ల) లెక్క, రోజురోజుకీ పెరుగుతూ కనిపించింది. సిస్టమ్ సందేశాలు చూపే డీమెసెజ్‌లో ఆ పోర్టు లింక్ రీసెట్ అవుతున్నట్టు లైన్లు కూడా ఉన్నాయి. డిస్కు శుభ్రంగానే ఉంది, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చాక లెక్క ఆగిపోయింది. ఈ అంకె ఒకసారి ఎక్కితే మళ్లీ సున్నాకి రాదు. అందుకని ఎంత ఉందని కాదు, పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. 5, 197, 198 వరుసల సంగతి వేరు. పాడైన, పాడయ్యేలా ఉన్న సెక్టార్ల లెక్క అది. అది పెరుగుతుంటే కేబుల్ మార్చి లాభం లేదు, డిస్కునే మార్చాలి.

స్మార్ట్ వివరాలన్నీ శుభ్రంగా ఉన్నా అవెయిట్ మాత్రం ఆకాశంలో ఉంటే, మీ వివరణను బట్టి నాకు ఎక్కువ అనుమానం దీని మీదే: అది ఎస్ఎంఆర్ డిస్కు అయివుండొచ్చు. వీటిలో ట్రాకులు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒకటి మార్చాలంటే దాని పక్కనున్న వరసంతా తిరగరాయాలి. ఆ ఆలస్యం కనపడకుండా డిస్కు కొంత మామూలు స్థలం ఉంచుకుని ముందు అక్కడ రాసుకుంటుంది, తీరిగ్గా ఉన్నప్పుడు సర్దుకుంటుంది. ఆ స్థలం నిండిందా, వేగం కుప్పకూలుతుంది. పరీక్ష సులువే. వేగం పడిపోయాక కాపీ ఆపి, డిస్కుల్ని ఓ గంటో రెండు గంటలో ముట్టుకోకుండా వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి ర్యామ్‌లో పట్టేదానికంటే చాలా ఎక్కువ డేటా వేగంగా వెళ్లి, ఆ తర్వాత మళ్లీ పడిపోతే దాదాపు ఖాయం. ఇంకో ఆనవాలు: హార్డ్ డిస్కు అయివుండి ట్రిమ్ (ఖాళీ అయిన చోటు ఏదో డిస్కుకు తెలిపే, మామూలుగా ఎస్ఎస్‌డీల్లో ఉండే సౌకర్యం) సపోర్ట్ ఉందని చెప్పిందంటే అనుమానించాల్సిందే. మోడల్ నంబర్‌తో తయారీదారు స్పెసిఫికేషన్ పేజీ చూస్తే సీఎంఆరా (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని మామూలు రకం) ఎస్ఎంఆరా అన్నది తెలిసిపోతుంది.

నా పూల్‌లోనూ అలాంటిది ఒకటి ఉండేది. ఫైళ్లు చదివినంత కాలం ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇంకో డిస్కు మార్చి రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) చేయాల్సి వచ్చినప్పుడు కూడా అది బాగానే ఓపిక పట్టింది, ఎందుకంటే దాన్నుంచి చదవడమే ఉంది. ప్రమాదమల్లా పాడైన డిస్కు స్థానంలో ఎస్ఎంఆర్ పెట్టినప్పుడే. రోజుల తరబడి ఆగకుండా రాయాల్సి వస్తే అది తట్టుకోలేదు. టైమ్‌అవుట్లు వచ్చి జెడ్‌ఎఫ్‌ఎస్ దాన్ని బయటికి నెట్టేసే అవకాశమూ ఉంది.

మార్చాల్సి వస్తే ఒక మాట. మదర్‌బోర్డులో ఇంకో సాటా పోర్టు ఖాళీగా ఉంటే పాత డిస్కు పీకకండి. కొత్తది అదనంగా తగిలించి, రెండూ ఉండగానే జెడ్‌పూల్ రీప్లేస్ కమాండ్ ఇవ్వండి. పని పూర్తయ్యే దాకా పాతది పూల్‌లోనే ఉంటుంది కనుక రెయిడ్‌జెడ్1కి ఉన్న ఆ ఒక్క డిస్కు రక్షణ పోదు. డిస్కుల్ని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతో కాకుండా సీరియల్ నంబర్ ఉండే ఐడీలతో గుర్తుపట్టండి. రీబూట్ అయితే ఆ అక్షరాలు తారుమారు కావొచ్చు. ముఖ్యమైన ఫోటోలు ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి, రెయిడ్ బ్యాకప్ కాదు.

ఎస్ఎస్‌డీ ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. ఎస్ఎస్‌డీ మీద పెట్టే ఎల్2ఆర్క్ అనే క్యాష్ చదవడానికి మాత్రమే పనికొస్తుంది, పైగా తన పట్టిక కోసం ఉన్న ర్యామ్‌లోనే కొంత తినేస్తుంది. ఎస్ఎస్‌డీ మీదే పెట్టే స్లాగ్ అనే లాగ్‌ని చాలామంది రైట్ క్యాష్ అనుకుంటారు, కాదు. సింక్ రైట్లకే, అంటే డేటా భద్రంగా చేరిందని తేలేదాకా ఆగే రాతలకే దాని ఉపయోగం: ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ షేరింగ్), వర్చువల్ మెషీన్లు, డేటాబేస్‌లు. విండోస్ ఎక్స్‌ప్లోరర్ కాపీ సాధారణంగా సింక్ అడగదు, కాబట్టి అది ఊరికే కూర్చుంటుంది.

ఫోటోల ఫోల్డర్‌ది వేరే కథ. నెమ్మది డిస్కు కొంత కారణమే కానీ, వేల ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉంటే బాగున్న పూల్ కూడా తడబడుతుంది. విండోస్‌కి ఫైళ్లు అందించే సాంబా ప్రతి ఫైలుకీ విండోస్ గుణాల్ని ఎక్స్‌ఆట్రిబ్యూట్‌గా, అంటే ఫైలుకి తోడుగా ఉండే అదనపు వివరంగా దాచుకుంటుంది. పాత జెడ్‌ఎఫ్‌ఎస్ వెర్షన్లలో ఎక్స్‌ఆట్ర్ ప్రాపర్టీ ఆన్ అని ఉంటే ఒక్కో ఫైలుకీ విడిగా దాచిన డైరెక్టరీ వెతకాలి. ఎస్ఏ అని మారిస్తే ఆ వివరం ఫైలు దగ్గరే ఉంటుంది. ఏటైమ్ (ఫైలు చివరిసారి తెరిచిన సమయం నమోదు) కూడా ఆఫ్ చేయండి. ఎక్స్‌ఆట్ర్ మార్పు కొత్తగా రాసిన ఫైళ్లకే వర్తిస్తుంది కనుక ఫోటోల్ని ఏడాదివారీ ఫోల్డర్లుగా కొత్త డేటాసెట్‌లోకి (పూల్‌లో విడి సెట్టింగ్‌లు ఉండే భాగంలోకి) కాపీ చేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. ఎక్స్‌ప్లోరర్‌లో థంబ్‌నెయిల్స్ బదులు వివరాల వ్యూ పెట్టి తెరిచి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. థంబ్‌నెయిల్ తయారు చేయాలంటే ప్రతి ఫోటోనూ నెట్‌వర్క్ మీదుగా చదవాలి మరి.

మిగతావి చిన్నవి. వీడియోలుండే డేటాసెట్‌కి రికార్డ్‌సైజ్ (ఒక్కో బ్లాక్ గరిష్ఠ పరిమాణం) 1 ఎంబీ పెట్టుకోవచ్చు, ఎల్‌జెడ్4 కంప్రెషన్ ఉంచేయండి, డీడూప్ (ఒకే డేటాను రెండుసార్లు దాచకుండా చూడడం) జోలికి పోకండి. పూల్ 80 శాతం దాటి నిండనివ్వకండి. జంబో ఫ్రేమ్‌లతో (పెద్ద నెట్‌వర్క్ ప్యాకెట్లతో) గిగాబిట్ మీద వచ్చేది నాలుగైదు శాతం, దారిలో ఒక్క పరికరం ఒప్పుకోకపోయినా కాపీలు మధ్యలో బిగుసుకుపోతాయి. నేనైతే ప్యాకెట్ సైజు మామూలు 1500 బైట్ల దగ్గరే ఉంచాను.

ముందు ఐఓస్టాట్ నడపండి. నాలుగు డిస్కుల అవెయిట్ అంకెలూ, మోడల్ నంబర్లూ ఇక్కడ పెడితే ఏ డిస్కు సంగతి చూడాలో చెప్తాను.