షకీరా తన పాటలు తానే రాస్తుందా? ఏ వరుసలో వినాలి?

"వాకా వాకా", "హిప్స్ డోంట్ లై" తప్ప వేరేవి వినలేదని రాశారు. కొలంబియా గాయని షకీరా తన పాటలు రాస్తుంది, బాగా రాస్తుంది. కానీ అది తేల్చుకోవడానికి ఈ రెండు పాటలూ పనికిరావు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పాట "వాకా వాకా" పల్లవి, కామెరూన్ బృందం గోల్డెన్ సౌండ్స్ 1986లో చేసిన "జంగలేవా" నుంచి వచ్చింది. "హిప్స్ డోంట్ లై"కి మూలం ర్యాపర్ వైక్లెఫ్ జాన్ 2004లో చేసిన మరో పాట.

1995 నాటి ఆల్బమ్ "పీయెస్ దెస్కాల్సోస్"తో మొదలుపెట్టండి. చెప్పుల్లేని పాదాలు అని అర్థం. అంతకుముందు కొలంబియాలో వచ్చిన "మాహియా" (1991), "పెలీగ్రో" (1993) ఆడలేదు. రెండోదానిలో ఎక్కువ పాటలు వేరేవాళ్లు రాసినవే. ఆ రెండిటికోసం వెతక్కండి, ఆమే మళ్లీ విడుదల కానివ్వలేదు. మూడోదైన "పీయెస్ దెస్కాల్సోస్"కి సంగీత నిర్మాత లూయిస్ ఫెర్నాందో ఓచోవాతో కలిసి పగ్గాలు తన చేతిలోకి తీసుకుంది. అసలైన షకీరా ఆ ఆల్బమ్‌తోనే పుట్టింది.

తర్వాత 1998 నాటి "దోందె ఎస్తాన్ లోస్ లద్రోనెస్?" వినండి. "దొంగలెక్కడ?" అని. బొగోతా విమానాశ్రయంలో పాటల కాగితాలున్న పెట్టె పోయింది, ఆ పేరు అందుకే. నా లెక్కలో ఆమె రాతకి ఇదే శిఖరం. "ఓహోస్ అసీ"లో అరబ్బీ పంక్తులు కూడా వస్తాయి, తండ్రి వైపువాళ్లది లెబనాన్ మరి.

ఇక్కడ కొత్తవాళ్లకి ఒక చిక్కు వస్తుంది. సాహిత్యం ఎదురుగా పెట్టుకున్నా రెండో పంక్తికే చూపు తప్పిపోతుంది. కారణం సంధి. "ఏమి + అంటివి" మనకి "ఏమంటివి" అయినట్టే, "దోందె ఎస్తాన్" నోట్లో "దోందెస్తాన్" అవుతుంది, "ఓహోస్ అసీ" ఏకంగా "ఓహోససీ"! పాట వేగం 0.75కి తగ్గించి, కలిసిపోయిన చోటల్లా గీత పెట్టుకోండి. రెండు మూడు పాటలకి చెవి అలవాటు పడుతుంది.

చివరికి 2001 నాటి "లాండ్రీ సర్వీస్". ఒకే బాణీకి స్పానిష్, ఇంగ్లీషు రూపాలు రెండూ ఇందులోనే దొరుకుతాయి. స్పానిష్ పాట పేరు "సుయెర్తె", అంటే అదృష్టం. గాయని గ్లోరియా ఎస్తెఫాన్‌తో కలిసి రాసిన ఇంగ్లీషు పాట పేరేమో "వెనెవర్, వేరెవర్". భావానికి తర్జుమా కాదది, బాణీలో ఇమిడే మాట కోసం వెతుకులాట. మన డబ్బింగ్ పాటల కవులకి బాగా తెలిసిన కష్టమే. "అబ్జెక్షన్", దాని స్పానిష్ రూపం "తె అవీసో, తె అనూన్సియో" వెంటవెంటనే పెట్టుకుని, తాళం దెబ్బ ఏ అక్షరం మీద పడుతోందో పోల్చి చూడండి.