నాన్నగారికి 28 మిల్లీసెకన్లేనా?

ప్రశ్న: ఎస్పీ రోడ్డులో కొన్న ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో, ఎల్ఈడీ వెలగగానే బటన్ నొక్కే ఆట చేశాను. దాని లోపలి కౌంటర్ టైమర్1కి ప్రీస్కేలర్ (క్లాక్ వేగాన్ని భాగించే సంఖ్య) 64 పెట్టాను. తమ్ముడికి 230 మిల్లీసెకన్లు వస్తోంది. నాన్నగారు నొక్కితే 28 చూపిస్తోంది! బటన్ పాడైందా? డిబౌన్స్ (నొక్కగానే బటన్ అదిరి, అంటే బౌన్స్ అయి, వచ్చే దొంగ సిగ్నళ్లను వదిలేయడం) కోసం 50 మిల్లీసెకన్ల డిలే పెట్టమంటున్నారు, పెట్టనా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: బటన్ బాగానే ఉందండీ. నాన్నగారి అసలు సమయం దాదాపు 290 అయ్యుంటుంది. ఊనో క్లాక్ 16 మెగాహెర్ట్జ్. దాన్ని 64తో భాగిస్తే 4 మైక్రోసెకన్లకు ఒక టిక్కు. టైమర్1 16 బిట్లదే కనుక 65,536 టిక్కులకు, అంటే 262 మిల్లీసెకన్లకు, మళ్లీ సున్నాకొస్తుంది. 290లో 262 పోతే మిగిలేది 28. వెలుగు చూసి నొక్కడానికి చాలామందికి 200 నుంచి 300 దాకా పడుతుంది. మీ టైమర్ తిరగబడేది సరిగ్గా ఆ మధ్యలోనే!

ప్రీస్కేలర్ 256 చేయండి. టిక్కు 16 మైక్రోసెకన్లవుతుంది, 1.048 సెకన్ల దాకా చోటు దొరుకుతుంది. అది దాటి ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ (లెక్క మళ్లీ సున్నాకొచ్చిందని చెప్పే గుర్తు) లేస్తే ఆ ప్రయత్నాన్ని వదిలేయండి. సెటప్‌లో టైమర్1 సెట్టింగులుండే టీసీసీఆర్1ఏ రిజిస్టర్‌ను సున్నా చేయడం మరవద్దు. ఆర్డుయినో దాన్ని ముందే పీడబ్ల్యూఎంకి (పల్స్ వెడల్పు మార్చి ఎల్ఈడీ వెలుగు వంటివి తగ్గించి పెంచే పద్ధతి) సర్ది ఉంచుతుంది, అలాగే వదిలేస్తే లెక్క 255 దాటదు. ఇంకో చిక్కు గుణకారంలో ఉంది. 250 మిల్లీసెకన్లంటే 15,625 టిక్కులు. మైక్రోసెకన్ల కోసం వాటిని 16తో గుణిస్తే 16 బిట్లలో పట్టదు, కాబట్టి ముందే 32 బిట్ల అన్‌సైన్డ్ లాంగ్‌లోకి మార్చుకోండి.

డిలే మాత్రం వద్దు. నొక్కుడు ఖాయమయ్యేదాకా ఆగి తర్వాత టైమర్ చదివితే ఆ 50 కూడా ఫలితంలో కలిసిపోతుంది. బటన్ ఒక కాలు పిన్ 8కి, రెండోది గ్రౌండ్‌కి కలిపి, లోపలి పుల్‌అప్ (నొక్కనప్పుడు పిన్‌ను హైలో ఉంచే రెసిస్టర్) వాడండి. పిన్ 8 ఇన్‌పుట్ క్యాప్చర్ పిన్. నొక్కిన క్షణపు లెక్కను హార్డ్‌వేరే ఐసీఆర్1 రిజిస్టర్‌లో రాసిపెడుతుంది. బౌన్స్ వల్ల వచ్చే తర్వాతి అంచులు దాన్ని చెరిపేస్తాయి గనుక, ఇంటరప్ట్‌లోకి (సిగ్నల్ రాగానే దానంతటదే నడిచే కోడ్) రాగానే విలువ తీసుకుని ఆ ఇంటరప్ట్‌నే ఆపేయండి. మళ్లీ ఎల్ఈడీ వెలిగించే ముందు క్యాప్చర్ జరిగిందని చెప్పే ఐసీఎఫ్1 ఫ్లాగ్‌లో 1 రాసి చెరపండి, లేకుంటే పాత నొక్కుడే కొత్తదిగా లెక్కలోకొస్తుంది. పిన్ 9, 10 మీద అనలాగ్‌రైట్ (పీడబ్ల్యూఎం ఇచ్చే ఆదేశం) గానీ, సర్వో మోటార్లు తిప్పే సర్వో లైబ్రరీ గానీ వాడొద్దు. వాటికీ ఈ టైమరే కావాలి.

ఎల్ఈడీ వెలిగే ముందు 2 నుంచి 5 సెకన్ల ర్యాండమ్ విరామం ఇవ్వండి. దేనికీ కలపని అనలాగ్ పిన్ విలువను సీడ్‌గా (ర్యాండమ్ లెక్క మొదలయ్యే సంఖ్యగా) పెట్టండి. అది లేకపోతే రీసెట్ చేసిన ప్రతిసారీ అవే విరామాలు వస్తాయి, మీ తమ్ముడు రెండో రోజుకే పట్టేస్తాడు. 100 మిల్లీసెకన్ల లోపు వచ్చినదాన్ని ముందే ఊహించి నొక్కినట్టు కొట్టేయండి.