డమాస్కస్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు సిరియా పునర్నిర్మాణం పనిలో చేరుతున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "ఎంతమందికి దొరుకుతుందక్కా అలాంటి పని" అని సముదాయించాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు.

చీకటి పడ్డాక కారెక్కకు. పాస్‌పోర్టూ డబ్బూ ఒకే సంచిలో పెట్టకు. ఇవి మీ ఆఫీసువాళ్లూ చెబుతారు. వాళ్లు చెప్పని సంగతి కోసమే ఈ ఉత్తరం.

ఇలాంటి పునర్నిర్మాణం పని మీదే 2003లో నేను అఫ్గానిస్తాన్‌లోని కాబూల్ చేరేసరికి కొత్త అఫ్గానీ నోట్లు చేతులు మారుతున్నాయి. వెయ్యి పాత అఫ్గానీలకు ఒక కొత్తది. బ్యాంకులే సరిగా లేని దేశంలో ఆ మార్పిడి హవాలా వ్యాపారుల సాయంతో కొద్ది నెలల్లోనే అయిపోయింది. ఉన్నవాళ్లతోనే పని చేయించుకున్నారు, చూశావా?

నేను అలా చేయలేదు. ఒక రాష్ట్ర ఖజానా ఆఫీసులో గుమాస్తా ఒకాయన ఉండేవాడు. చక్కటి ఇంగ్లీషు, ముత్యాల్లాంటి దస్తూరీ. ప్రభుత్వం ఆయనకిచ్చేది నెలకు 50 డాలర్లు. నేను 500 ఇస్తానని దుబాసీగా తెచ్చుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను. మూడు నెలలకు ఒక ముసలి టీచరు మా గేటు దగ్గరికొచ్చి ఏదో గోడు చెప్పుకున్నాడు. ఏమంటున్నాడని గుమాస్తాని అడిగాను. ఆయన తల దించుకుని చెప్పాడు: "టీచర్లకు జీతాలు రావడం లేదట. బిల్లులు రాసే మనిషి ఖజానా నుంచి వెళ్లిపోయాడట."

ఆ మనిషి ఆయనే. వెనక్కి పంపుదామంటే, 500 చూసిన ఇంటిని మళ్లీ 50తో ఎలా నడపమంటాను? తప్పు నాది. ఆ టీచరుకి టీ ఇచ్చి పంపాను. అంతకుమించి ఏమీ చేయలేకపోయాను.

నాలాంటివాళ్లు వందలమంది అదే పని చేశారమ్మా. టీచర్లు డ్రైవర్లయ్యారు, ఇంజనీర్లు దుబాసీలయ్యారు. సాయం చేసే దాత దేశాల డబ్బు చాలావరకు ఖజానా గుమ్మం తొక్కకుండానే ఖర్చైపోయింది. అలాగని అన్నీ చెడ్డవి కావు. ఊళ్లలో జనం ఎన్నుకున్న మండళ్లకు కుటుంబానికి 200 డాలర్ల లెక్కన డబ్బిచ్చి, బావి కావాలో బాట కావాలో మీరే తేల్చుకోమన్నారు. అది నాకెంతో నచ్చింది. కానీ 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ని పట్టుకునేనాటికీ ప్రభుత్వ ఖర్చులో ముప్పావు వంతు దాతలదే. వాళ్లు చెయ్యి తీసెయ్యగానే జీతాలు ఆగిపోయాయి. ఆ వార్త చూసినప్పుడు నాకు ఆ ముసలి టీచరే గుర్తొచ్చాడు.

నీకు తొందరెక్కువ. చిన్నప్పుడు ముగ్గు ఆరకముందే రంగులద్దేదానివి. అక్కడ రిపోర్టు త్వరగా ఇమ్మని నిన్ను పీక్కుతింటారు, పక్క ఆఫీసులో తెలివైన పిల్లాడు కనిపిస్తాడు. వాణ్ణి లాక్కోకు తల్లీ. నువ్వే వెళ్లి వాడి బల్ల పక్కన కూర్చో. నీ రిపోర్టు నెల ఆలస్యమైతే అవనీ.

వేళకి తిను. చేరిన వారంలోగా అక్కడ జీతాల బిల్లులు రాసే గుమాస్తా పేరేమిటో నాకు రాయి.

నీ చిన్నమామయ్య