సికింద్రాబాద్‌లో అసెంబ్లీకి ఒక జెండా, పార్లమెంటుకు ఇంకొకటి: నలభై ఏళ్లుగా చూసినది

2023 నవంబరులో సికింద్రాబాద్ లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లలో ఆరు గెలిచిన బీఆర్‌ఎస్, 2024 మే నెలకల్లా అక్కడే మూడో స్థానానికి ఎలా జారిపోయింది, ఆరు నెలల్లో జనం అంతగా మనసు మార్చుకుంటారా అని మీరు అడిగారు.

మార్చుకోలేదండీ. ఇక్కడ చాలామందికి ముందు నుంచీ రెండు మనసులున్నాయి. నేను 1983లో పెళ్లయి వారాసిగూడకు వచ్చాను. ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను కాబట్టి ఎన్నికల డ్యూటీలు తప్పలేదు. మా వారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసేవారు. ఇంట్లో రాజకీయాల గురించి మాట్లాడని రోజు ఉండేది కాదు, ఒక్క అభిప్రాయానికి వచ్చిన రోజూ లేదు.

1989లో లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకేసారి పోలింగ్. అప్పట్లో బ్యాలెట్ కాగితాలే. పార్లమెంటుది తెల్లది, అసెంబ్లీది గులాబీ రంగుది. నేను కాగితాలు ఇచ్చే బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక ముసలమ్మ రెండు కాగితాలూ చేతిలో పట్టుకుని, "అమ్మా, ఇందులో ఢిల్లీది ఏది, ఇక్కడిది ఏది?" అని అడిగింది. చెప్పాను. తెల్లదాన్ని ఎడమ చేతిలోకి, గులాబీదాన్ని కుడి చేతిలోకి మార్చుకుని, ఇక పొరపాటు జరగదన్న ధీమాతో లోపలికి వెళ్లింది. ఎవరికి వేసిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ రెండూ ఒకే గుర్తుకు వేసేదైతే ఆ జాగ్రత్త ఎందుకు? మీ ప్రశ్న చూడగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

ఈ లోక్‌సభ సీటు చరిత్రలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఇక్కడ తెలుగుదేశం ఒక్కసారి కూడా గెలవలేదు. టీఆర్‌ఎస్ గానీ, పేరు మార్చుకున్నాక బీఆర్‌ఎస్ గానీ గెలవలేదు. ఎన్టీఆర్ గాలికి రాష్ట్రం ఊగిపోయిన 1984లో 42 సీట్లలో తెలుగుదేశం 30 పట్టుకుపోయింది. కాంగ్రెస్‌కు మిగిలింది ఆరే, అందులో సికింద్రాబాద్ ఒకటి. గెలిచింది టి. అంజయ్య. ఆల్విన్ కంపెనీలో కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి దాకా వెళ్లిన మనిషి. 1982లో రాజీవ్ గాంధీ బేగంపేట విమానాశ్రయంలో ఆయన్ను అవమానించాడన్న మాట మీద తెలుగువారి ఆత్మగౌరవం అంటూ ఊరూరా ప్రచారం సాగింది కదా, ఆ అంజయ్యనే అదే రాజీవ్ గాంధీ పార్టీ టికెట్ మీద ఇక్కడి వాళ్లు ఢిల్లీకి పంపారు. మా అత్తగారు మాత్రం అవమానం గురించీ అనలేదు, రాజీవ్ గురించీ అనలేదు. "అంజయ్య ముషీరాబాద్ మనిషి, అంతే" అనేవారు.

ఆ ముషీరాబాద్ మనిషినే 1978లో ముషీరాబాద్ అసెంబ్లీకి వద్దన్నారు. జనతా పార్టీ తరఫున నిలబడ్డ నాయిని నర్సింహారెడ్డి చేతిలో ఆయన ఓడిపోయారు. ఆరేళ్లకు పార్లమెంటుకు గెలిపించారు. సరిగ్గా ఇదే కథ నలభై ఏళ్ల తర్వాత మళ్లీ జరిగింది. 2018 డిసెంబరులో అంబర్‌పేటలో బీజేపీ అభ్యర్థి కిషన్‌రెడ్డి 1,016 ఓట్లతో ఓడిపోయారు. 2019 మే నెలలో అదే అంబర్‌పేట కలిసివున్న లోక్‌సభ సీటులో 62,114 మెజారిటీతో గెలిచి కేంద్రంలో హోంశాఖ సహాయమంత్రి అయ్యారు. దీనికి అద్దంలో బొమ్మ లాంటిది దానం నాగేందర్ సంగతి. 2023లో బీఆర్‌ఎస్ టికెట్ మీద ఖైరతాబాద్ ఎమ్మెల్యే అయ్యారు, 2024లో కాంగ్రెస్ తరఫున ఎంపీకి నిలబడి 49,944 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

మీరడిగిన ఆ మూడో స్థానం పద్మారావుగౌడ్‌ది. మా ప్రాంతంలో అందరికీ ఆయన పజ్జన్న. 2014, 2018, 2023 వరుసగా మూడుసార్లు సికింద్రాబాద్ ఎమ్మెల్యే. మా పక్కింటివాళ్లు కూతురి పెళ్లికి మొదటి పత్రిక ఆయనకే ఇచ్చారు. 2024 ఎంపీ ఎన్నికలప్పుడు ఆయనకు వచ్చినవి 1,29,586 ఓట్లు, డిపాజిట్ కూడా దక్కలేదు. ఫలితం వచ్చిన సాయంత్రం పక్కింటాయనను అడిగాను, "ఏమండీ, పజ్జన్నకు వేయలేదా?" అని. ఆయన ఏ మాత్రం ఇబ్బంది పడకుండా, "మురుగు నాలా పొంగితే పజ్జన్నకు ఫోను చేస్తాను. ఢిల్లీలో ఆయనకు ఏం పని ఉంది?" అన్నారు. ఏడు సీట్లు గెలిచినా ఓడినా, ఏ పార్టీ లెక్క అయినా ఈ ఒక్క వాక్యం దగ్గరే తేలుతుంది.

ఢిల్లీ అనే మాట ఇక్కడ ఊరికే రాలేదు. దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడినప్పటి నుంచీ దాని కేంద్రం సికింద్రాబాదే. చిలకలగూడ, మెట్టుగూడ, లాలాగూడ, సీతాఫల్‌మండి, అడ్డగుట్ట, ఏ వీధిలో చూసినా రైల్వే జీతమో రైల్వే పింఛనో అందే ఇల్లు ఒకటుంటుంది. కవాడిగూడ వైపు వెళ్తే కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు, వాటికి తోడు బ్యాంకులు. మా వారికి కరువుభత్యం పెరగాలంటే కేంద్రమే పెంచాలి. పే కమిషన్ అంటే మా ఇంట్లో పండగ లాంటి మాట. సచివాలయంలో ఎవరు కూర్చున్నారన్నది మా చెల్లెలి ఇంట్లో పెద్ద విషయం, ఎందుకంటే మరిదిగారిది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం. మా ఇంట్లో మాత్రం రైల్వే మంత్రి ఎవరన్నదే ముఖ్యం. వాజ్‌పేయి మంత్రివర్గంలో బీజేపీ నేత బండారు దత్తాత్రేయ రైల్వే సహాయమంత్రి అయిన రోజు, జీవితమంతా కాంగ్రెస్‌కు వేసిన మా మామగారు కూడా స్వీట్లు పంచారు.

1998 నుంచి చూడండి. 1998, 1999లో ఇక్కడ దత్తాత్రేయ, ఢిల్లీలో వాజ్‌పేయి. 2004, 2009లో ఇక్కడ కాంగ్రెస్ నుంచి అంజన్‌కుమార్ యాదవ్, ఢిల్లీలో మన్మోహన్ సింగ్. 2014లో మళ్లీ దత్తాత్రేయ, 2019లోనూ 2024లోనూ కిషన్‌రెడ్డి, ఢిల్లీలో మోదీ. వరుసగా ఏడు ఎన్నికల్లో ఢిల్లీ గద్దె ఏ పార్టీదో సికింద్రాబాద్ సీటూ దానిదే. 2009లో దత్తాత్రేయను 1,70,167 ఓట్లతో ఓడించిన అంజన్‌కుమార్, 2014లో ఆయన చేతిలోనే 2,54,735 ఓట్లతో ఓడారు. దీన్నిబట్టి ఎవరి కంచుకోట అనాలి?

అంతకుముందు మాత్రం నా లెక్క కుంటుతుంది, ఒప్పుకుంటాను. 1991లో ఢిల్లీలో పీవీ నరసింహారావు ప్రధాని అయితే ఇక్కడ తొలిసారి బీజేపీ గెలిచింది. ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి ఆ ఏడాది దక్కిన ఒకే ఒక్క సీటు ఇది. మతకలహాలతో 1990 చివర నగరంలో కర్ఫ్యూలు నడిచాయి. పాలకోసం బయటికి వెళ్లడానికి భయపడిన రోజులవి. ఆ గాయం పచ్చిగా ఉండగానే వచ్చిన ఎన్నిక అని మాత్రం అనగలను. ఇక 1996 మరీ విచిత్రం. దేశంలో పీవీ ప్రభుత్వం ఓడిపోయిన ఆ ఎన్నికల్లోనే ఆయన కొడుకు పీవీ రాజేశ్వరరావును ఇక్కడ గెలిపించారు. మా బస్తీలో అప్పుడు వినిపించిన కారణాలన్నీ ఒకదానికొకటి పొంతన లేనివి. ప్రతి ఫలితానికీ ఒక సూత్రం దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకా వెనక్కి వెళ్తే ఎక్కువ చెప్పడానికి లేదు, దాదాపు అంతా కాంగ్రెస్సే. 1957, 1962లలో అహ్మద్ మొహియుద్దీన్, 1967లో బాకర్ అలీ మీర్జా, 1979 ఉపఎన్నికలోనూ 1980లోనూ ఇందిరాగాంధీకి న్యాయవాదిగా పేరుపడిన పి. శివశంకర్. అంజయ్య 1986లో పోయాక ఉపఎన్నికలో ఆయన భార్య మణెమ్మ, 1989లో మళ్లీ ఆవిడే. మధ్యలో 1971 ఒక్కటే వేరు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడి చల్లారక ముందే జరిగిన ఆ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతంలోని 14 సీట్లలో 10 గెలిచింది. సికింద్రాబాద్ నుంచి ఆ పార్టీ తరఫున ఎం.ఎం. హాషిం వెళ్లారు. ప్రాంతీయ పార్టీ ఈ సీటు గెలవడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ తర్వాత ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది, 1977లో అదే హాషిం కాంగ్రెస్ గుర్తు మీద నిలబడి మళ్లీ గెలిచారు. తెలంగాణ కోసం ఓటేస్తే ఆ ఓటు తీసుకెళ్లి కాంగ్రెస్ చేతిలో పెట్టారని మా అత్తగారికి చివరి వరకూ కోపమే. 2014లో తెలంగాణ వచ్చిన ఏడాది కూడా ఇక్కడ టీఆర్‌ఎస్ ఎంపీ సీటు గెలవలేదంటే, ఆ కోపం మా అత్తగారి ఒక్కరిదేనా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఒక్క మాట మరిచిపోవద్దు. రెండు మనసుల కథ ఎంత నిజమో, ఓట్ల చీలిక అంతే నిజం. 2019లో కిషన్‌రెడ్డికి వచ్చినవి 3,84,780. టీఆర్‌ఎస్ అభ్యర్థి తలసాని సాయికిరణ్ యాదవ్‌కు 3,22,666, కాంగ్రెస్ అంజన్‌కుమార్‌కు 1,73,229. ఈ రెండూ కూడితే గెలిచినవారి కంటే లక్షకు పైగా ఎక్కువ. 2024లోనూ ఓడిన ఇద్దరివీ కూడితే దాదాపు ఎనభై వేలు ఎక్కువ: కిషన్‌రెడ్డి 4,73,012, దానం 4,23,068, పద్మారావు 1,29,586. ఆ రెండు ఎన్నికల్లోనూ మజ్లిస్ ఇక్కడ అభ్యర్థిని పెట్టలేదు, పెట్టి ఉంటే నాంపల్లి లెక్క ఇంకోలా ఉండేది. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ అసెంబ్లీ ఉపఎన్నిక వస్తే కాంగ్రెస్ గెలిచింది, బీఆర్‌ఎస్ రెండో స్థానంలో నిలిచింది, కేంద్రమంత్రి కిషన్‌రెడ్డి సొంత లోక్‌సభ నియోజకవర్గంలోని ఆ సీటులో బీజేపీకి డిపాజిట్ పోయింది. అంటే 2025లో కూడా గులాబీ కాగితం ఒక చేతిలో, తెల్ల కాగితం ఇంకో చేతిలో.

హద్దుల సంగతి కూడా చెప్పాలి, బయటివాళ్లు ఎప్పుడూ ఇక్కడే పొరబడతారు. 2008 పునర్విభజన తర్వాత ఈ లోక్‌సభ పరిధిలో ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాద్ ఉన్నాయి. కంటోన్మెంట్ మాత్రం మల్కాజిగిరిలోకి పోయింది. మా అబ్బాయి కార్ఖానాలో ఫ్లాట్ కొన్నాడు. చిరునామాలో సికింద్రాబాద్ అనే రాసుకుంటాడు, ఓటేసేది మల్కాజిగిరి ఎంపీకి. మా అమ్మాయిది షేక్‌పేట, గోల్కొండ కోట కనుచూపు మేర. సికింద్రాబాద్ ఎంపీకి ఓటేసేది తను. ఇంకో తమాషా ఏమిటంటే, జూబ్లీహిల్స్ అసెంబ్లీ అనగానే అందరూ బంగళాలనే ఊహించుకుంటారు గానీ అందులో ఎక్కువ భాగం బోరబండ, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్ బస్తీలు. బంగళాలున్న వైపు చాలావరకు ఖైరతాబాద్‌లో ఉంది.

ఇక ఆఖరుది, మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులో ఉందని నా నమ్మకం. రెండు ఎన్నికల్లోనూ ఓటేసింది ఒకే జనం అనుకుంటున్నారు మీరు. 2018 డిసెంబరు 7న గానీ, 2023 నవంబరు 30న గానీ ఆంధ్రలో పోలింగ్ లేదు. 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న ఇక్కడ పార్లమెంటుకు, అక్కడ అసెంబ్లీకీ పార్లమెంటుకూ ఒకే రోజు పోలింగ్. ఎంపీ ఎన్నిక అంటే ఆంధ్ర ఊళ్లలో ఓటున్నవాళ్లతో హైదరాబాద్‌లో ఊరెళ్లే బస్సులు కిటకిటలాడే రోజు. సికింద్రాబాద్ పోలింగ్ ఆ రెండుసార్లూ సగం కూడా దాటలేదు. అందులో ఎండకు, సెలవుకు, బద్ధకానికి వాటా ఉంది. ఊరి ప్రయాణాలకూ ఉంది.

2024 మే నెలలో మా అపార్టుమెంటులో పన్నెండు ఇళ్లకు ఓటరు స్లిప్పులు పంచడానికి వచ్చిన కుర్రాడు నాలుగు ఇళ్లకు తాళాలు చూసి వెనుదిరిగాడు. మిగిలిన స్లిప్పులు నా చేతిలో పెట్టి, వాళ్లు వస్తే ఇవ్వమన్నాడు. సోమవారం పోలింగ్ అయిపోయింది. మంగళవారం తెల్లవారుజామున మూడో అంతస్తు వాళ్లు మామిడిపండ్ల బుట్టతో ఆటో దిగారు. స్లిప్పులు ఇవ్వబోతే ఆవిడ నవ్వి వేలు చూపించింది. సిరా చుక్క ఉంది, భీమవరంలో వేయించుకున్నది.