వేసవిలో మగవాళ్లకు ఫ్రెష్‌గా ఉండే పెర్ఫ్యూమ్ ఏది?

ఆఫీసుకు వెళ్లేటప్పుడు కొట్టుకోవాలి, పక్క సీటువాళ్లకు తలనొప్పి తెప్పించకూడదు, సాయంత్రం దాకా నిలవాలి అని మీరు అన్నారు. మొదటి రెండూ తేలికే. మూడోదే పేచీ. నిమ్మ, నారింజ, బెర్గమాట్ (అదీ నిమ్మజాతి పండే) లాంటి వాసనలు తొందరగా ఆవిరైపోతాయి, ఎండలో ఇంకా తొందరగా. ఎంత ఖరీదు పెట్టినా అంతే. అందుకే వేసవి పెర్ఫ్యూమ్ కొనేటప్పుడు నేను మొదటి ఐదు నిమిషాల వాసన చూసి పడిపోను. ఆ నిమ్మ పోయాక కింద ఏం మిగులుతుందో చూస్తాను. వట్టివేరో, దేవదారో ఉంటే నా చర్మం మీద అది మధ్యాహ్నం దాకా పొడిగా, శుభ్రంగా ఉంటుంది. వనిల్లా లాంటి తీపి ఉంటే చెమటతో కలిసి జిడ్డుగా తోస్తుంది.

ఒక్కటే చెప్పమంటే డియోర్ వాళ్ల ‘ఓ సొవాజ్’ చెబుతాను. 1966 నాటిది, ఎడ్మండ్ రూద్నిట్స్కా తయారుచేశారు. నేను చాలా ఏళ్లుగా ఎండాకాలం ఇదే వాడుతున్నాను. కొట్టగానే నిమ్మచెక్క గిల్లినట్టు చురుగ్గా ఉంటుంది, వెనకే రోజ్‌మేరీ ఆకు వాసన. కాసేపటికి ఆ చురుకు తగ్గి, మల్లెను దూరం నుంచి పీల్చినట్టు పల్చటి పూల వాసన మొదలవుతుంది. అది హెడియోన్ అనే పదార్థం చేసే పని. దాన్ని పెర్ఫ్యూముల్లో అంత బాగా వాడి చూపించింది మొదట ఇదేనంటారు. చివరికి వట్టివేరు మిగులుతుంది. కొనేటప్పుడు పేరు సరిగ్గా చూసుకోండి. అదే కంపెనీ 2015లో ఒట్టి ‘సొవాజ్’ అని ఇంకోటి తెచ్చింది. అది మిరియాల ఘాటుతో గదంతా ఆక్రమించే రకం, మీరు అడిగినదానికి పూర్తిగా వేరు.

సముద్రపు గాలిలాంటి వాసన ఇష్టమైతే 1996లో వచ్చిన ‘ఆక్వా డి జియో’ చూడండి. బాగుంటుంది, కాకపోతే చాలామంది వాడతారు. లిఫ్టులో మీలాగే ఇంకొకరు తగలొచ్చు. నారింజ, వట్టివేరు కలిసిన ‘టెర్ దెర్మెస్’ కాస్త పెద్దరికంగా ఉంటుంది, నిలవడంలో మాత్రం ఈ మూడింట్లో అదే మేలు.

షాపులో కాగితం ముక్క మీద వాసన చూసి కొనేయకండి. మణికట్టు మీద కొట్టించుకుని బయటికొచ్చి, గంటసేపు ఎండలో తిరిగి అప్పుడు చూడండి. నచ్చితే ఛాతీ మీద రెండు స్ప్రేలు, చొక్కా మీద ఒకటి చాలు. బట్ట మీద వాసన చర్మం మీదకంటే ఎక్కువసేపు ఉంటుంది, తెల్ల చొక్కా అయితే లోపలివైపు కొట్టండి, మరక కనపడదు. సాయంత్రం దాకా కావాలంటే చిన్న సీసాలో కొంచెం నింపి బ్యాగులో పెట్టుకుని, భోజనం అయ్యాక ఇంకో స్ప్రే కొట్టుకోవడమే. సీసాను మాత్రం ఎండలో ఆపిన కారులో వదిలేయకండి, ముందు పాడయ్యేది ఆ నిమ్మ వాసనే.