ట్యూబులు నీళ్ళలో నిలిస్తే చాలదు

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

ఆమ్లంతో శుద్ధి చేసిన కార్బన్ నానోట్యూబులను (కంటికి కనబడనంత సన్నని కార్బన్ గొట్టాలను) సిమెంటులో కలపబోతున్నావని విని పొంగిపోయాను. వెంటనే బెంగా పట్టుకుంది. ముందు ఆ బెంగ సంగతి విను.

ట్యూబుల ఎండు పొడి సీసాను ఫ్యూమ్ హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే ల్యాబు అరలోనే) తెరవాలి. పొడవాటి, బిరుసు ట్యూబులు ఎలుకల్లో ఆస్బెస్టాస్ తెచ్చేలాంటి వాపునే తెచ్చాయి. గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు. ఇక శుద్ధి చేసే ఆమ్లం: నైట్రిక్ ఒక వంతు, సల్ఫ్యూరిక్ మూడు వంతులు. ఐసు మీద, సల్ఫ్యూరిక్‌నే నైట్రిక్‌లోకి కొద్దికొద్దిగా పోయాలి. గోధుమరంగు పొగ వస్తుంది కాబట్టి బిర్రుగా మూత పెట్టకు. రాత్రిపూట ఒంటరిగా ఈ పని పెట్టుకున్నావో, ఊరుకోను.

తర్వాత 0.2 మైక్రాన్ ఫిల్టరు మీద పీహెచ్ తటస్థమయ్యేదాకా కడుగు. పూర్తిగా ఎండబెడితే అట్టకడతాయి, తడిగానే ఉంచు.

ఇక అందరూ పడే గొయ్యి. సీసాలో నీళ్ళు రోజుల తరబడి నల్లగా నిలిచాయని మురిసిపోయి సిమెంటులో పోసేస్తారు. సిమెంటు నీరు మామూలు నీరు కాదమ్మా! పీహెచ్ 12.5 దాటుతుంది, నిండా కాల్షియం. ఆమ్లం ట్యూబుల ఒంటికి అంటించిన కార్బాక్సిల్ గుంపులు (ఆక్సిజన్ ఉన్న చిన్న అణుగుచ్ఛాలు) అక్కడ రుణావేశం పొందుతాయి. ఒక్కో కాల్షియం అయాను రెండు ట్యూబులను పట్టి కట్టేస్తుంది. ట్యూబును సిమెంటుకు అతికించాల్సిన బంధమే ట్యూబును ట్యూబుకు అతికిస్తుంది. ఆ ఉండ బలం కాదు, లోపల మిగిలిన బొక్క. వంపు పరీక్షలో పగులు అక్కడే మొదలవుతుంది. ఆమ్లంలో ఇంకాసేపు ఉంచితే మేలనుకోకు: ట్యూబులు పొట్టివై, సిమెంటు ముద్ద నీళ్ళు తాగి బిగుసుకుంటుంది.

అందుకే సిమెంటు నీటిలాంటిదే అయిన వడకట్టిన సున్నపు తేటలో నీ ట్యూబుల నీళ్ళు నాలుగు చుక్కలు వేసి గంటాగి చూడు. నల్ల తుంపులు కనబడితే ఆగిపో. పాలీకార్బాక్సిలేట్ సూపర్‌ప్లాస్టిసైజరును (సిమెంటు ముద్దను జారుగా చేసే మందును) సోనికేషన్‌కు, అంటే అల్ట్రాసౌండ్‌తో ట్యూబులను విడదీయడానికి, ముందే నీళ్ళలో కలిపి మళ్ళీ పరీక్షించు.

సోనికేటరును ఐసులో, ఆపి ఆపి నడుపు, అతిగా నడిపితే ట్యూబులు విరుగుతాయి. బీకరును ముందూ వెనకా తూచి, ఆవిరైనన్ని నీళ్ళు తిరిగి పోసెయ్. ఆ నీళ్ళన్నీ నీరు-సిమెంటు నిష్పత్తిలో లెక్కే. సిమెంటు బరువులో 0.05 శాతంతో మొదలుపెట్టు, అంటే 500 గ్రాములకు 0.25 గ్రాము. పోలిక కోసం ట్యూబులు లేకుండా పోసే ప్రిజములకూ (పరీక్ష దిమ్మెలకూ) అంతే సూపర్‌ప్లాస్టిసైజరు వెయ్యి, లేకపోతే 28వ రోజున వచ్చిన బలం దేనిదో చెప్పలేవు.

సున్నపు తేట పరీక్ష ఫొటో పంపు తల్లీ. అది చూశాకే మిక్సరు ఆన్ చెయ్యి.

— పెదనాన్న